పోయిన అత్త కాశీ ప్రయాణం

మా ఇంట్లో శాఖల పంపకం ఎప్పుడో జరిగిపోయింది. డబ్బు, కరెంటు బిల్లు, కారు మా ఆయనవి. సలహాలు, ఎత్తిపొడుపులు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అమ్మాయివి. తప్పులు పట్టే శాఖ మా అత్తమ్మది. ఆమె ఉట్నూరులో ఉన్నా ఫోన్లోనే పాలన సాగుతుంది. మరిచిపోవడం నాది. ఇన్నేళ్లలో ఈ శాఖ నాకు కావాలని ఒక్కరూ అడగలేదంటే దాన్ని నేనెంత సమర్థంగా నడిపిస్తున్నానో మీరే ఊహించుకోండి.

అలాగని ఊరికే మరిచిపోయే రకాన్ని కాను. మరిచిపోకుండా ఉండడానికి కావలసిన ఏర్పాట్లన్నీ ముందే చేసుకుని, ఆ ఏర్పాట్లు ఎక్కడ పెట్టానో మరిచిపోతాను. కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర ఒక స్టేషనరీ దుకాణం ఉంది. నేను మెట్టెక్కుతుండగానే అక్కడి అబ్బాయి కొత్త నోటుబుక్కులు కిందికి దించుతాడు. ప్రతి బుక్కులోనూ మొదటి పేజీల్లో నా దస్తూరీ చూసి మురిసిపోవచ్చు. ఆ తర్వాత పాల లెక్క. ఆ తర్వాత ఎవరిదో తెలియని ఒక ఫోన్ నంబరు. ఆ తర్వాత అట్ట దాకా తెల్లకాగితమే.

నేను సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్తాను. కాకతీయుల వంశక్రమం అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా చెప్తాను. సాలార్‌జంగ్ సంస్కరణలు వరసగా అప్పజెప్తాను. మా గృహప్రవేశానికి మా ఆడబిడ్డ ఏం పెట్టిందో మాత్రం అడగొద్దు. పోయిన మాఘంలో అదే అడిగారు.

ఆడబిడ్డ కూతురి పెళ్లి కుదిరింది, ఉట్నూరులో. మా వైపు పెళ్లంటే కట్నాల బుక్కు తీయాల్సిందే. ఈ కట్నం వేరు, వరకట్నం వేరు. వచ్చిన చుట్టం మనసారా పెట్టే డబ్బుకు, వస్తువుకు కూడా మేం కట్నమనే అంటాం. ఒకాయన మైకు ముందు కూచుని ఫలానా ఊరి ఫలానావారు ఐదు వందల పదహార్లు అని చదువుతుంటాడు, పక్కన ఇంకొకాయన బుక్కులో ఎక్కిస్తుంటాడు. పెళ్లయ్యాక ఆ బుక్కు బీరువాలో బంగారం పక్కకు చేరుతుంది. చేరాల్సిందే మరి, అది రాబోయే ఏళ్ల అప్పుల చిట్టా. మనకు పెట్టినవాళ్లింట్లో శుభకార్యమైతే అంతకు కాస్త పెంచి పెట్టాలి. తగ్గిస్తే మాట పడతాం. మరీ పెంచితే వాళ్లను ఇరకాటంలో పెట్టినట్టు. మా అత్తమ్మకు తెలిసిన ఆర్థికశాస్త్రం ఇంతే, కానీ ఇందులో ఆమెను కొట్టేవాళ్లు లేరు.

డబ్బంటే బుక్కులో ఉంటుంది. చిక్కంతా వస్తువులతోనే. కరీంనగర్‌వాళ్లం కాబట్టి మేం పెట్టేవి వెండి తీగపని సామాన్లు: కుంకుమ భరిణె, అత్తరుదాని, పాందాన్. ఆదిలాబాద్ వైపు నుంచి మాకు వచ్చేవి నిర్మల్ సామాన్లు: పునికి కర్రతో చెక్కిన పళ్లు, పిట్టలు, బంగారు రంగు మెరిసే పటాలు. రెండు కళలకూ భౌగోళిక గుర్తింపు ఉంది. మా ఇంట్లోనే వాటికి గుర్తింపు లేదు. ఏది ఎవరు పెట్టారో నాకు తెలిస్తే కదా. ఒకసారి ఒక నిర్మల్ లేడి పటాన్ని మాకు ఇచ్చినవాళ్లకే తీసుకెళ్లి పెట్టి వచ్చాను. వాళ్లు మర్యాదస్తులు, ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. మా అమ్మాయి ఫంక్షన్‌కు వచ్చి దాన్నే మళ్లీ నా చేతిలో పెట్టిపోయారు. ఆ లేడి మా రెండిళ్ల మధ్య తిరిగినంతగా కవ్వాల్ అడవిలో లేళ్లు కూడా తిరిగి ఉండవు.

ఈ పెళ్లిలో అలాంటిది జరగడానికి వీల్లేదని మా ఆయన గట్టిగా చెప్పారు. గట్టిగా అంటే, టీవీ ఆపి మరీ చెప్పారు.

ఇంతవరకు మామూలు ఆడవాళ్లకూ నాకూ తేడా లేదు. మామూలు ఆడవాళ్లయితే బీరువా తెరిచి బుక్కు తీసి, గుర్తున్నవాళ్లకు ఫోన్ చేసి, కూచుని ఒక జాబితా రాసుకునేవాళ్లు. నేను ఫోన్ తెరిచి 'విషయాలు గుర్తుంచుకోవడానికి శాస్త్రీయమైన పద్ధతి ఏది' అని వెతకడం మొదలుపెట్టాను.

వెతికితే ప్రపంచం రెండు వర్గాలుగా చీలిపోయి ఉందని తెలిసింది. బొమ్మలు గీసుకోమనేవాళ్లు ఒక వర్గం. అన్నీ కృత్రిమ మేధకు అప్పజెప్పి నిశ్చింతగా ఉండమనేవాళ్లు రెండో వర్గం. నేను ముందు బొమ్మల పార్టీలో చేరాను. కారణం సిద్ధాంతం కాదు, ఆ పార్టీలో రంగు పెన్నులు కొనుక్కోవచ్చు.

ఇంగ్లండ్‌లో టోనీ బుజాన్ అనే ఆయన 1974లో బీబీసీ టీవీలో చెప్పి ప్రపంచానికి అలవాటు చేసిన పద్ధతి మైండ్‌మ్యాప్. కాగితం నట్టనడుమ అసలు సంగతి బొమ్మ వేసి, దాని చుట్టూ కొమ్మలు, ఒక్కో కొమ్మకు ఒక్కో రంగు, కొమ్మకు రెమ్మలు గీస్తూ పోవాలి. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయంవాళ్లు 2016లో అచ్చువేసిన పరిశోధన ఇంకో అడుగు ముందుకేసింది. ఒక మాటను రాసుకున్న వాళ్లకన్నా దాని బొమ్మ గీసుకున్నవాళ్లకు ఆ మాట ఎక్కువగా గుర్తుందట. పైగా బొమ్మ బాగుండాల్సిన పని కూడా లేదట. ఈ చివరి ముక్క చదివినప్పుడు ఎవరో నన్ను చూసి రాశారనిపించింది.

అప్పుడు అత్తమ్మ మా ఇంట్లోనే ఉంది. శుక్లాల ఆపరేషన్‌కు కరీంనగర్ తీసుకొచ్చాం. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని హాల్లో కూచుని, కనబడకపోయినా వినబడినదాన్ని బట్టే వంటింట్లో తప్పులు పడుతుండేది. నేను డైనింగ్ టేబుల్ మీద చార్టు పరిచాను. చుట్టరికాలకు కేంద్రం అత్తమ్మే కాబట్టి నట్టనడుమ ఆమెను వేశాను. ఒక కొమ్మ మీద ఆడబిడ్డ, ఒక కొమ్మ మీద పెద్దత్తమ్మ, ఇంకో కొమ్మ మీద చిన్నత్తమ్మ. పెద్దత్తమ్మ అనగానే ముక్కుపుడక గుర్తొస్తుంది కాబట్టి ఆమెకు ముక్కు మాత్రమే గీశాను. చిన్న మామకు మీసం. మంచిర్యాల మరిదికి సింగరేణి ఉద్యోగం కాబట్టి ఒక బొగ్గు ముక్క. వాళ్లు పెట్టిన వస్తువుల బొమ్మలు రెమ్మల మీద.

కట్టు విప్పిన కన్నుతో అత్తమ్మ వచ్చి చార్టు మీదికి వంగింది.

"గీ నడుమ గుమ్మడికాయేందే?"

"గుమ్మడికాయ కాదు అత్తమ్మా..."

"మరేంది?"

"మీరే."

అత్తమ్మ కళ్లద్దాలు పైకెత్తి చాలాసేపు చూసింది. "కన్ను బాగుపడ్డంక సూసే మొదటి ముచ్చట గిదా, బిడ్డా," అన్నది. హాల్లోంచి మా ఆయన, "అమ్మా, డాక్టరు కండ్లకు తిప్పలు పెట్టొద్దన్నడు, ఇటు రా," అని పిలిచారు. ఆ మాట ఆమె ఆరోగ్యం కోసం అన్నారో, నా చిత్రకళ మీద అభిప్రాయమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు అన్నీ గుర్తున్నాయి. పెద్దత్తమ్మకు ఏం గీయాలా అని తల బద్దలు కొట్టుకున్నందుకు ఆమె పెట్టిన ఇత్తడి బిందె మనసులో నాటుకుపోయింది. రాసుకుంటూ పోయేటప్పుడు చెయ్యి పని చేస్తుంది, మనసు ఎటో పోతుంది. గీసేటప్పుడు మనసును లాక్కొచ్చి కూచోబెట్టక తప్పదు. పరిశోధకులు చెప్పింది అబద్ధం కాదు.

కొన్నాళ్లు పోయాక అదే చార్టు తీసి చూస్తే మాత్రం చిక్కొచ్చింది. ఒక మూలన కుండ, కుండ నుంచి బాణం, బాణం చివర మూడు చుక్కలు, పక్కన నీళ్ల అలలు. ఏమిటది? బోనమా? ఎవరైనా గంగాళం పెట్టారా? కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశంవాళ్లు కాలినడకన పోయి గోదావరి నీళ్లు తెచ్చే సంగతి ఎవరో చెప్తే వేశానా? ఆ ముక్కు పెద్దత్తమ్మదా, లేక జలుబు మాత్రలు కొనాలని గుర్తా? గీసిన మనిషిని నేనే, చదవలేని మనిషినీ నేనే.

అంతకు ముందెప్పుడో బడి పిల్లలను గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్టకు తీసుకెళ్లినప్పటి సంగతి అప్పుడు తట్టింది. పదో శతాబ్దంలో జినవల్లభుడు ఆ గుట్ట రాతి మీద చక్రేశ్వరినీ జైన తీర్థంకరులనూ చెక్కించాడు. కన్నడ ఆదికవి పంపనికి ఈయన తమ్ముడు. బొమ్మలతో ఊరుకోకుండా వాటితోపాటు సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లోనూ శాసనం వేయించాడు. అందులోని తెలుగు కందపద్యాలు మన భాష ప్రాచీనతకు సాక్ష్యంగా నిలబడ్డాయి. అంటే బొమ్మా అక్షరమా అన్న ప్రశ్నకు ఆయన వెయ్యేళ్ల కిందటే రెండూ అని జవాబు చెప్పి పోయాడు. తర్వాత ఏమైంది? చుట్టుపక్కల జనం నోట నిలిచింది బొమ్మే, గుట్టకు పేరు కూడా దానివల్లే వచ్చింది. కాని బొమ్మ ఎవరిదన్నది జారిపోయింది. చక్రేశ్వరి పేరు పోయి బొమ్మలమ్మ పేరు మిగిలింది. ఎవరు చెక్కించారో ఎందుకు చెక్కించారో అక్షరాలు పూసగుచ్చినట్టు దాచుకున్నాయి, కాని పండితులు వచ్చి అడిగేదాకా వాటి గోడు వినేవాళ్లు లేరు. బొమ్మ మిగిలి అర్థం పోయింది, అర్థం మిగిలి చదివే దిక్కు లేకుండా పోయింది. నా చార్టుకు ఈ రెండు జబ్బులూ ఒక్క నెలలోనే వచ్చాయి. జినవల్లభుని కన్నా నేను వేగం.

బొమ్మల పార్టీకి రాజీనామా చేశాను. రంగు పెన్నులు మాత్రం దాచుకున్నాను.

సెలవుకు వచ్చిన మా అమ్మాయి చార్టు చూసి, నన్ను చూసి, నా ఫోన్ అడిగి తీసుకున్నది. "అమ్మా, నువ్వేం గీయకు. కట్నాల బుక్కు ఫొటోలు తీసి ఇందులో వెయ్. తెలిసినయన్నీ నోటితో చెప్పు, అదే రాసుకుంటది. తర్వాత ఏదడిగినా చెప్తది." నోషన్, ఆబ్సిడియన్, గూగుల్‌వాళ్లు 2023లో తెచ్చిన నోట్‌బుక్‌ఎల్‌ఎం అంటూ పేర్లు చదువుకుంటూ పోయి చివరికి ఇంకేదో పెట్టింది. దాని పేరు మనకు అనవసరం.

పని చేసే తీరు కూడా చెప్పింది. మనం వేసిన కాగితాలను అది ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు దాని అర్థాన్ని బట్టి అంకెల్లో ఒక చిరునామా ఇస్తుందట. అర్థాలు దగ్గరైతే చిరునామాలూ దగ్గరే. మనం ప్రశ్న వేయగానే ఆ ప్రశ్నకు దగ్గరి చిరునామాల్లో ఉన్న ముక్కలు తీసి ముందు పెట్టుకుని, వాటితో వాక్యాలు అల్లి చెప్తుంది. దగ్గరి చిరునామాలు అనగానే నా గుండెలో రాయి పడింది. మా చుట్టాలంతా దగ్గరివాళ్లే.

అనుకున్నంతా అయింది. తెలుగింట్లో అత్త ఒకరు కాదు. అత్తగారు అత్త, మేనత్త అత్త, మేనమామ భార్య అత్త, అత్తగారి అక్కచెల్లెళ్లందరూ అత్తలే. నేనేమో మాట్లాడేటప్పుడు ఎవరి గురించైనా అత్త అనే అంటాను, వినేవాళ్లకు తెలిసిపోతుంది కాబట్టి. యంత్రానికి అత్త అంటే ఒక్కతే. ఒకరోజు ముచ్చటపడి 'మా అత్త గురించి చెప్పు' అని అడిగాను. జవాబు వచ్చింది: మీ అత్త మీ గృహప్రవేశానికి మూడు వేలు పెట్టారు. ఆమె కొంతకాలం కిందట గుండెపోటుతో మరణించారు. ప్రస్తుతం శుక్లాల ఆపరేషన్ చేయించుకుని కోలుకుంటున్నారు. వచ్చే నెలలో కాశీకి వెళ్తున్నారు. ప్రయాణానికి ఉన్ని శాలువా బహుమతిగా ఇస్తే బాగుంటుంది.

అంత ఓపికగా, అంత మర్యాదగా, అక్షరదోషం ఒక్కటి లేకుండా చెప్పేసరికి కాసేపు నేనే నమ్మాను. శాలువా ఏ రంగుదైతే బాగుంటుందని ఆలోచించాను కూడా.

కట్నాల బుక్కు ఫొటోలు ఇంకో కథ. అది ఎక్కించినాయన మా పెద్దబాపు. ఆయన దస్తూరీ ఆయనకే సరిగా అంతుపట్టదు. 'రాజవ్వ, ఇత్తడి చెంబు' అని ఉన్నచోట యంత్రం ఆ రెంటి మధ్య చుట్టరికం కలిపింది. పెళ్లికి పిలవాల్సినవాళ్ల జాబితా అడిగితే 'రాజవ్వ, ఆమె భర్త ఇత్తడి చెంబు' అని ఇచ్చింది. మా ఆయన అది చదివి, రాజవ్వ వాళ్లాయనను ఎరిగినవాణ్ని కనుక ఇందులో మరీ తప్పేమీ కనబడటం లేదన్నారు.

యంత్రాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. అంకెలు అడిగితే ఎంతో చక్కగా తీసి ఇచ్చేది. గుట్టలకొద్దీ కాగితాల్లో ఒక్క మాట వెతకాలంటే దానికి సాటి లేదు. నేను వేసిన చెత్తనే అది సర్ది, ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఇచ్చింది. మడత బాగుంది కదా అని లోపలిదీ బాగుందనుకోవడం నా తెలివి.

అసలు ఒప్పుకోవలసింది ఇప్పుడొస్తుంది. బొమ్మలా, యంత్రమా? ఈ ప్రశ్న చేతికి దొరికాక నాకు చెప్పలేనంత సుఖంగా ఉంది. ఎందుకంటే ఎంచుకుంటున్నంతకాలం పని చేయనక్కర్లేదు. రెంటినీ పోలుస్తూ ఒక పట్టిక వేశాను. ఖర్చు, వేగం, తెలుగు వస్తుందా రాదా, సిగ్నల్ కావాలా అక్కర్లేదా. పట్టిక కోసం ఇంకో నోటుబుక్కు కొన్నాను. జర్మనీలో నిక్లాస్ లూమాన్ అనే సామాజికశాస్త్రవేత్త సుమారు 90 వేల చీటీలు పెట్టెల్లో దాచుకుని, వాటిలోంచి పుస్తకాల మీద పుస్తకాలు రాశాడని చదివాను. ఆయన చీటీలకు నంబర్లు ఎలా వేసేవాడో, చీటీ నుంచి చీటీకి దారి ఎలా చూపేవాడో నాకు ఇప్పుడు బాగా తెలుసు. మా ఆడబిడ్డ ఏం పెట్టిందో తెలియదు. బీరువా తాళం నా కొంగునే ఉంది.

"ఇంకా గీతలేనా?" అన్నారు మా ఆయన పట్టిక చూసి. "పెండ్లి అయినంక చూపెడుతవా ఏంది? పుట్టబోయే పిల్లగానికి పనికొస్తది, తియ్యి."

పెళ్లి ముందురోజు అందరం కారెక్కాం. అత్తమ్మ నా పక్కన వెనక సీట్లో. ధర్మపురి దాటి, రాయపట్నం వంతెన మీద గోదావరికి పైసలు వేసి, లక్సెట్టిపేట, జన్నారం దాటాం. జన్నారం దాటాక ఉట్నూరు దాకా అడవే. 2012లో పులుల అభయారణ్యమైన కవ్వాల్ అడవి. పులి ఎప్పుడైనా కనబడొచ్చునేమో, సిగ్నల్ మాత్రం కనబడదు. ఫోన్ తీసి చూస్తే యంత్రం నోరు మూసుకుని గుండ్రంగా తిరుగుతోంది. చార్టు కరీంనగర్‌లో, ఫ్రిజ్ పక్కన.

సరిగ్గా అక్కడ మొదలుపెట్టింది అత్తమ్మ.

"మీ ఇండ్లల్లకొచ్చిన్నాడు శారద ఏం పెట్టింది?"

శారద మా ఆడబిడ్డ. నాకు చెమటలు పట్టాయి. "చీర..."

"చీర ఎవ్వలైనా పెడ్తరు. ఇంకేంది?"

"గిన్నెలా?"

"గిన్నెలు చిన్నత్తమ్మ. శారద వెండి దీపాలు పెట్టింది, జతవి. నువ్వే కాదు, ఒకటి చిన్నగున్నదంటివి?"

అన్నాను. నిజమే, అన్నాను. ఆ మాట వినగానే దీపాలు కళ్లముందుకొచ్చాయి, శారద ముఖం కూడా. దారంతా అదే వరస. పెద్దత్తమ్మ ఏం పెట్టింది, మంచిర్యాల మరిది ఎంత చదివించాడు, వాళ్ల కొడుకు పుట్టువెంట్రుకలకు మనం ఏం తీసుకపోయినం. తప్పు చెప్తే ఊరుకోదు. చెప్పలేకపోతే కాసేపాగి మళ్లీ అదే అడుగుతుంది. ఆమెకు తెలియక అడగడం లేదని నాకు తెలుసు. మా అత్తగారు తెలియనివి అడగదు. ఉట్నూరు చేరేసరికి కట్నాల బుక్కు సగం నా నోటికి వచ్చేసింది.

అప్పుడు వెలిగింది నాకు. ఇది స్లిప్ టెస్టు! రోజూ పొద్దున్నే పిల్లలకు నేను పెట్టే స్లిప్ టెస్టు. 'టీచర్, ఇంకోసారి చదువుకుంటం' అని బతిమిలాడితే 'చదివింది చాలు, చూడకుండా రాయండి' అని కసిరేది నేనే. అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 2006లో తేల్చిందీ అదే. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లకన్నా, చదివి పరీక్ష రాసుకున్నవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. తమకు బాగా వచ్చేసిందన్న ధీమా మాత్రం మళ్లీ మళ్లీ చదివినవాళ్లకే ఎక్కువట. ఆ ధీమా ఎలా ఉంటుందో నాకు తెలుసు. నా అరలో ఉన్న నోటుబుక్కులన్నీ ఆ ధీమాతో కొన్నవే.

ఆదిలాబాద్ కోడలినై ఉండి ఇది ఇంత ఆలస్యంగా తెలియడం మరీ విడ్డూరం. ఆ అడవుల్లో గోండుల వంశకథలు ప్రధాన్లు కీక్రీ వాయిస్తూ పాడతారు. వాళ్ల చేతిలో కాగితం ఉండదు. కాని ఎదురుగా కూచున్నది ఆ వంశంవాళ్లే, కథ వాళ్లది, దేవుడు వాళ్లవాడు. ఒక పేరు దాటవేస్తే తల ఊపి ఊరుకునే సభ కాదది. మా సిరిసిల్ల వైపు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లకు చేర్యాల నకాషీలు గీసిన నిలువెత్తు పటం ఉంటుంది. గడి తర్వాత గడి చూపిస్తూ కథ నడుపుతారు. అక్కడా అంతే, పటం ఒక్కటే గోడకు వేలాడితే ఎవరికీ ఏమీ చెప్పదు. చెప్పేవాడుండాలి, 'ఆఁ, తర్వాత?' అనేవాడుండాలి.

అడిగేవాళ్లు లేకపోతే ఏమవుతుందో నార్నూర్ మండలం గుంజాల చెప్తుంది. గోండి భాషకు తనదైన లిపి ఉందని, ఆ లిపిలో రాసిన పాత కాగితాలు ఆ ఊళ్లో భద్రంగా ఉన్నాయని బయటి ప్రపంచానికి తెలిసింది 2006లో. అప్పటికి వాటిని చదవగల పెద్దలు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే. ఆచార్య జయధీర్ తిరుమలరావులాంటివాళ్లు పోయి ఇదేమిటి, ఎలా చదవాలి అని అడగడం మొదలుపెట్టాక లిపి మళ్లీ పలకల మీదికెక్కింది. 2018లో గుంజాల గోండి యూనికోడ్‌లో చేరింది, ఇప్పుడు ఫోన్లలోనూ రాయొచ్చు.

కాగితమైనా, పటమైనా, యంత్రమైనా నాకు లోపించింది దాచే చోటు కాదు. నా చార్టును నన్ను అడిగినవాళ్లు లేరు. యంత్రం ఎంత తెలివైనదైనా నేను అడిగితే చెప్తుంది, అంతేగాని తనంతట తాను వచ్చి 'ఏమే, శారద ఏం పెట్టింది' అని నిలదీయదు. నిలదీసే మనిషి రోజూ రాత్రి ఏడింటికి ఉట్నూరు నుంచి ఫోన్ చేస్తూనే ఉంది. నేనేమో ఆ ఫోన్ మోగగానే స్పీకర్ పెట్టి, మా ఆయన ముందు ఉంచి, వంటింట్లోకి పోయి జ్ఞాపకశక్తి పెంచుకునే వీడియోలు చూస్తుండేదాన్ని.

పెళ్లి బాగా జరిగింది. శారద చేతిలో వెండి తీగపని కుంకుమ భరిణెతోపాటు పాందాన్ కూడా పెట్టాను. మైకు ముందు పెద్దబాపు కరీంనగర్ వదినగారు అంటూ చదువుతుంటే, పక్కన ఎక్కించుకునే కుర్రవాడి దస్తూరీ వెళ్లి చూసొచ్చాను. ఫర్వాలేదు, చెంబుకు చుట్టరికం కలిపేంత ఘోరంగా లేదు.

ఇప్పుడు రెండు పార్టీలతోనూ నాకు రాజీ కుదిరింది. ఎవరు ఎవరికి ఏమవుతారన్నది తలలో ఉండాల్సిన సంగతి కాబట్టి బొమ్మలు గీసుకుంటున్నాను. పక్కన పేరు కూడా రాస్తున్నాను, జినవల్లభుని పుణ్యమా అని. ఎవరు ఎంత పెట్టారన్నది తలలో ఉండక్కర్లేని లెక్క కాబట్టి యంత్రానికి వదిలేశాను. అత్తలందరికీ ఊళ్ల పేర్లు తగిలించాను, ఉట్నూరత్త, జగిత్యాలత్త, పోయినత్త అని. రాత్రి ఏడింటి ఫోన్ నేనే ఎత్తుతున్నాను.

అంతా బాగుందనుకునేసరికి ఇంకో తగువు వచ్చింది. నన్ను అడిగి అడిగి విసుగొచ్చిందో, నేను మరీ బాగా జవాబులు చెప్పి రుచి పోగొట్టానో, అత్తమ్మ కన్ను యంత్రం మీద పడింది. మొన్న పండక్కి పోయినప్పుడు, "నీ కరీంనగర్ డబ్బాను గూడ ఓసారి అడగనియ్యి," అని ఫోన్ లాక్కున్నది.

"గా లచ్చవ్వ మాకేం పెట్టింది?"

గాలచ్చవ్వ అనే వ్యక్తి వివరాలు లేవంది యంత్రం.

"గాలచ్చవ్వ కాదురా, లచ్చవ్వ!"

క్షమించండి, లచ్చవ్వగారు రెండు వందల పదహార్లు పెట్టారంది.

"ఐదు వందలు పెట్టింది!" అన్నది అత్తమ్మ. లచ్చవ్వ పెట్టింది రెండు వందలే. బుక్కులో ఉంది, నాకూ నోటికి వచ్చు, ఆమెకూ తెలుసు. నన్ను పరీక్షించినట్టే దాన్నీ పరీక్షిస్తోంది.

యంత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మీరు చెప్పింది నిజమే, నా పొరపాటును సరిదిద్దినందుకు ధన్యవాదాలు, లచ్చవ్వగారు ఐదు వందల పదహార్లు పెట్టారని ఒప్పేసుకుంది.

అత్తమ్మ ఫోన్‌ను చేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది. నా వైపు చూసింది. మళ్లీ ఫోన్ వైపు చూసింది.

"ఎదురు మాట్లాడుడు లేదు. తప్పు దాంది కాకున్నా నాదేనంటది. ఇన్నేండ్లసంది గిసుంటి కోడలు ఏడ దొరుకుతదా అనుకుంటున్న, బిడ్డా."

ఆ రోజు నుంచి ఏడింటి ఫోన్‌లో ముందు యంత్రాన్ని ఇమ్మంటోంది, తర్వాత నన్ను. పండక్కి చీర మాత్రం ఈసారి నాకే పెట్టింది. వచ్చే ఏడాదికి దానికి కట్టుకునే వీలుండే మోడల్ రాకుండా ఉంటే చాలు.